దెయ్యం సినిమా ఆడించిన మిషను

నేను ఒక సినిమా ప్రొజెక్టరుని. బొంబాయిలో ఓ షెడ్డులో మూడు చచ్చిన మిషన్లను ఊడదీసి, నన్నొక్కదాన్ని బతికించారు. అందుకే తల ఓ రంగు, కాళ్ళు ఓ రంగు. రూపం సంగతి వదిలేయండి, వెలుగు సంగతి అడగండి. తుని దగ్గర దొరబాబు గారి రేకుల హాల్లో నా బొగ్గు కడ్డీలు మొదటిసారి అంటించిన సాయంత్రం, పక్క ఊళ్ళో కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి. నమ్మరా? ఆ కోళ్ళే ఉంటే సాక్ష్యం చెప్పేవి.

నన్ను నడిపే ఆపరేటరు పేరు సూర్రావు. తొమ్మిదేళ్ళు నాకు నూనె పెట్టాడు, దసరాకి బొట్టు పెట్టాడు, పెళ్ళాం పాత చీర చింపి నా అద్దం తుడిచాడు. సొంత మిషనుతో ఊరూరా డేరా వేసి సినిమాలు ఆడించాలని అతని కోరిక. నా ఒళ్ళు నిమురుతూ, "నువ్వు నాదానివైపోతే ఎంత బాగుణ్ణే!" అనేవాడు. ఇనుముకీ సిగ్గేస్తుందని అప్పుడే తెలిసింది నాకు.

అతని భార్య అచ్చియ్యమ్మ, పెళ్ళైన ఆరేళ్ళకి నీళ్ళోసుకుంది. ఆమె కంటే దొరబాబు గారి భార్య సుభద్రాయమ్మ గారే ఎక్కువ సంబరపడింది. పిల్లల్లేని మనిషి. రోజూ పొద్దున్నే వెండి గ్లాసుతో కషాయం పట్టుకొచ్చి, ఆఖరి గుక్కదాకా తాగించి గానీ కదిలేది కాదు. "మహాతల్లి" అంది ఊరంతా. నేనూ అన్నాను.

అలా ఉండగా మా హాలుకి ఓ దెయ్యం సినిమా వచ్చింది. అప్పటికే పాతికేళ్ళుగా జనాన్ని జడిపిస్తున్న సినిమా. అందులో కడుపుతో ఉన్న పిల్లకి పక్కింటి ముసలిది రోజూ ఏదో మందు పోస్తుంది. తన కడుపున పిశాచం పుట్టబోతోందని, దానికి మొగుడే ఒప్పుకున్నాడని ఆ పిల్లకి అనుమానం. ఎవరితో చెప్పినా భ్రమ అని కొట్టిపారేస్తారు.

మ్యాట్నీ వేళకి క్యారేజీ తెచ్చే అచ్చియ్యమ్మ క్యాబిను గోడ కన్నంలోంచి ఆ సినిమా చూసింది. మూడు రోజులు వరసగా చూసింది. నాలుగో రోజు కషాయం పెరట్లో పారబోసింది.

"ఆవిడ నా మొహం చూడదు, కడుపే చూస్తది. నువ్వూ అంతే," అంది మొగుడితో.

"సినిమా చూసి బుర్ర తిరిగిందే నీకు!" అని నవ్వాడు సూర్రావు.

గేటు దగ్గర టిక్కెట్లు చింపే అప్పన్న ఊరుకుంటాడా? "కషాయం తాగితే పిల్లోడికి కొమ్ములొస్తాయేంటమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ కటకటా నవ్వాను. లేని భయం పుట్టించింది నా వెలుగే కదా అని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం, ఆట మొదలయ్యే ముందు, దొరబాబు గారు క్యాబినుకొచ్చి నా నెత్తిన చెయ్యేశారు.

"ఏవయ్యా సూర్రావూ, బిడ్డ పుట్టగానే మా ఇంటికి రావాలి. మేం ఎలాగూ కాకినాడ మకాం మార్చేస్తాం. ఈ మిషను నువ్వు తీసుకుపో. మాటంటే మాటే."

"అలాగేనండి. పుట్టగానే పోయిందని దాంతో చెప్పేస్తాం. మంత్రసానితో మాటాడేశానండి."

ఆ నూనె, ఆ బొట్టు, ఆ నిమరడం! సంతలో గేదెని కొనబోయేవాడు కూడా దాని వీపు అలాగే నిమురుతాడు. ఇంతకాలం దాన్ని ప్రేమనుకున్నాను. ఓ బిడ్డకి ఖరీదు కట్టింది నాతోనా!

మెట్ల మీద క్యారేజీ పెట్టిన చప్పుడైంది. అచ్చియ్యమ్మ అంతా వింది. క్యారేజీ అక్కడే వదిలేసి కిందికి దిగిపోయింది.

ఆట మొదలైంది. తెర మీద ఆ పిల్ల తలుపులేసుకుని వణుకుతోంది. అప్పుడు అచ్చియ్యమ్మ హాలు మధ్యకొచ్చి, బల్లెక్కి, పక్కకి తిరిగి నిలబడింది. నా వెలుగుకి అడ్డంగా. ఆమె నీడ తెరంతా పరుచుకుంది, నిండు కడుపుతో సహా.

"ఆడాళ్ళందరూ ఇనండి! నా కడుపులో పిల్లని నా మొగుడు ఆ మిషను కోసం దొరబాబు గారికి ఇచ్చేత్తన్నాడు! పుట్టగానే పోయిందని నాతో చెప్తారంట!"

సూర్రావు గాభరాగా నా కడ్డీలు విడదీశాడు. విడదీస్తే వెలుగు ఆరిపోవాలి. నేను ఆరలేదు. ఎలాగని అడక్కండి, కోళ్ళ సంగతి నమ్మినవాళ్ళు ఇదీ నమ్మండి. నేల టిక్కెట్టు ఆడవాళ్ళంతా లేచి ఆమె చుట్టూ చేరేదాకా వెలుగుతూనే ఉన్నాను.

"దిగమ్మా, మీ పుట్టింటిదాకా నేనొత్తాను. ఎవడడ్డొత్తాడో చూత్తాను," అంది చేపలమ్మే ఓ ముసలమ్మ. పదిమంది కలిసి ఆమెని అప్పటికప్పుడే బండెక్కించారు.

బిడ్డ దొరబాబు గారి చేతికి రాలేదు గనక సూర్రావుకి నన్నివ్వలేదు. తలెత్తుకోలేక దొరబాబు గారు హాలు మూసేశారు. నన్ను ఈ పాత ఇనుము కొట్లో పడేశారు. కొట్టువాడు నన్ను ఒక్కసారి కూడా నిమరలేదు. ఆ మేరకు నిజాయితీపరుడు.

అచ్చియ్యమ్మకి ఆడపిల్ల పుట్టిందని ఇక్కడికొచ్చే వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఆ పిల్లని నేను చూసింది ఒక్కసారే. తెర మీద, నీడగా. అప్పటికింకా పుట్టలేదు.