నూనెడబ్బా నోరు మూయించిన తలుపు

దేశం కాని దేశంలో, ఎవరి వంటింట్లోనో, ఎవరిదో కుక్క గోడకేసి ముఖం పెట్టి నిలబడితే, నూనెడబ్బా తిండి గిన్నె పట్టుకుని దాని వెనక నిలబడ్డాడు.

నూనెడబ్బా అంటే మనిషే. సైకిల్ షాపు నడిపిన రోజుల్లో చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న నూనెడబ్బా పెట్టుకునేవాడని బావమరిది ఆ పేరు తగిలించాడు. పెళ్లి ఫోటోలో కూడా జేబు కింద మరక కనబడుతుంది. భార్య బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. బస్సు దిగింది గానీ కండక్టరీ మాత్రం దిగలేదు.

షాపు బావమరిది నెత్తిన పెట్టి ఇద్దరూ చెరో సైకిలెక్కి దేశాలు పట్టి తిరుగుతున్నారు. ముందు ఆవిడ, వెనక ఈయన. దారి ఖాళీగా ఉంటే "రైట్ రైట్" అంటుంది. గేదె అడ్డొస్తే "హోల్డాన్" అంటుంది. ఎత్తు ఎక్కలేక ఈయన దిగి నడిస్తే "ఏవండీ, ఇది స్టాపు కాదు!" అని కేకేస్తుంది. లాడ్జీల్లో దిగే స్తోమత లేదు. అందుకని ఎవరైనా ఊరెళ్తే వాళ్ల ఇంటికి కాపలా ఉంటారు. మొక్కలకి నీళ్లు పోసి, పెంపుడు జీవాలకి తిండి పెట్టినందుకు వీళ్లకి నెత్తిన కప్పు, నడుం వాల్చడానికి మంచం దొరుకుతాయి. కాపలా బాగుందని ఒక ఇంటివాళ్లు చెబితేనే ఇంకో ఇంటివాళ్లు తాళాలిస్తారు.

ఈ ఇల్లు అక్కడ స్థిరపడ్డ ఓ తెలుగు సంగీతం టీచరుది. కూతురి దగ్గరికెళ్లింది. ఆవిడ అక్కకి కొండ కింద పెద్ద ఇల్లుంది. చలికాలమంతా ఖాళీగానే ఉంటుంది. టీచరమ్మ ఒక్క మాట చెబితే ఆ ఇల్లు వీళ్లదే. చెప్పకపోతే మంచులో గుడారం, గుడారంలో కండక్టరమ్మ, ఆవిడ నోటికి ఎదురుగా నూనెడబ్బా. ఆ మూడోది తల్చుకుంటేనే ఆయనకి వణుకు.

టీచరమ్మ రేపు పొద్దున దిగుతోంది. కుక్కేమో నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు.

కుక్కకి "దొరగారు" అని పేరు పెట్టింది నూనెడబ్బాయే. ముసలిది. రెండు కళ్లూ పొరలు కమ్మి తెల్లబడ్డాయి. అయినా వచ్చిన రోజున ఇల్లంతా దర్జాగా తిరిగింది. ఇప్పుడు సోఫాకి గుద్దుకుంటోంది, గోడతో మాట్లాడుతోంది, గిన్నె ముక్కు కింద పెడితే వెనక్కి జరుగుతోంది.

కండక్టరమ్మ పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది.

"ఇంట్లో ఏమైనా మార్చారామ్మా? కుర్చీలు, మంచాలు?"

"చీపురు కూడా జరపలేదు డాక్టరుగారూ."

ఫోన్ పెట్టేసి వంటింటి తలుపు తీసింది. వేసింది. మళ్లీ తీసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది. టికెట్ లేనివాడు దొరికినప్పటి చూపు అది.

"ఏవండీ, ఈ తలుపు మొన్నటిదాకా కీచుమనేది కదా?"

"అనేది. చెవులు కోసేసేది."

"ఇప్పుడు అనట్లేదేం?"

నూనెడబ్బా చెయ్యి దానంతటదే జేబులోని డబ్బా మీదకి పోయింది.

"ఎన్నిటికి పెట్టారు నూనె?"

"ఎన్నిటికేంటి... ఈ తలుపుకి. వీధి తలుపుకి. గేటుకి. ఉయ్యాలకి. నీ కుడి మోకాలు కూడా చప్పుడు చేస్తోంది గానీ, దగ్గరికి రానివ్వలేదు నువ్వు."

"నా మోకాలి సంగతి తర్వాత! కళ్లు లేని జీవం అది. గేటు చప్పుడైతే ఎవరో వచ్చారని, ఈ తలుపు చప్పుడైతే తిండొస్తుందని, ఉయ్యాల చప్పుడైతే వాళ్లమ్మ అక్కడుందని చెవులతో బతుకుతోంది. మీరేమో ఊరి బోర్డులన్నీ పీకేశారు!"

నూనెడబ్బా తన చేతి వైపు చూసుకున్నాడు. బతుకంతా చప్పుళ్లు తీసిన చెయ్యి. చప్పుడు పెట్టమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నూనె పోయేలా కిరసనాయిలుతో మడతబందులు కడిగాడు. తలుపు కిక్కురుమనలేదు. గుప్పెడు ఇసుక కొట్టాడు. ఈసారి రాళ్లు నమిలినట్టు గరగరమంది. దొరగారు బల్ల కిందకి దూరి రానని భీష్మించుకున్నాడు. ఉప్పునీళ్లు పోశాడు.

"తుప్పు పట్టాలంటే వానాకాలం దాకా ఆగాలి," అన్నాడు నీరసంగా.

"ఆగండి. టీచరమ్మకి కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను."

నూనెడబ్బాకి ఒళ్లు మండి, తలుపు మీద కసి కొద్దీ, "ఇంతేనే నువ్వు అనాల్సింది! కీఈఈఈచ్!" అని గొంతు చించుకున్నాడు.

బల్ల కింద ఒక చెవి లేచింది.

షాపు రోజుల్లో ఇది ఆయన దొంగ విద్య. సైకిల్ మీద పోయేవాడి వెనక నోటితో బ్రేకు అరిగిన చప్పుడు చేసేవాడు. వాడు కంగారుగా దిగి చక్రం తిప్పి చూసుకుంటుంటే, "ఏంటి బాబాయ్, చూడమంటావా?" అనేవాడు అమాయకంగా.

"మళ్లీ చెయ్యండి," అంది కండక్టరమ్మ మెల్లగా.

"కీఈఈఈచ్."

దొరగారు బల్ల కిందనించి వచ్చి, తిన్నగా గిన్నె దగ్గరికి నడిచి, గిన్నె నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు తలెత్తాడు.

మర్నాడు టీచరమ్మ గేటు తీసేసరికి నూనెడబ్బా పూలపొద వెనకున్నాడు. "కుయ్యీ," అన్నాడు. బాగానే కుదిరింది. వీధి తలుపు కోసం పెరటి వైపు నించి పరిగెత్తాడు. ఆవిడ తలుపు తీసి, వేసి, సంచి దింపుకున్నాక గానీ చప్పుడు రాలేదు. వచ్చింది కూడా ఆయాసంతో రెండు ముక్కలుగా వచ్చింది.

"వదినా, తలుపు ముందొచ్చి చప్పుడు వెనకొస్తోందేంటి?"

"చలికి తల్లీ," అంది కండక్టరమ్మ. అంతకంటే గొప్ప అబద్ధం ఆవిడకి ఆ పూట దొరకలేదు.

టీచరమ్మ వంటింటి తలుపు కొంచెం తీసింది. సామాన్ల గదిలోంచి "కీచ్". ఆపింది. "చ్" మధ్యలో ఆగింది. మూడుసార్లు గబగబా ఊపింది. "కీచ్ కీచ్ కీ..." దగ్గు.

"అన్నయ్యగారూ, బయటికి రండి. మీరు అరశ్రుతి తక్కువ పలుకుతున్నారు."

నూనెడబ్బా జుట్టులో బూజుతో బయటికొచ్చాడు. జరిగిందంతా చెప్పేశాడు. టీచరమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"చూపు పోయాక దానికి మిగిలిన దారి అదొక్కటే. అందుకే ఆ తలుపుల్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీకు చెప్పి వెళ్లకపోవడం నా తప్పే అనుకోండి, కానీ అడక్కుండా ఎలా పెట్టారండీ?"

నూనెడబ్బా ఈసారి జోకు వెయ్యలేదు. "నాది బుద్ధి తక్కువ పనమ్మా," అన్నాడు. "రేపు మేం పోతే దీనికి గిన్నె ఎవరు చూపిస్తారో తెలీట్లేదు. మీకు ఆ చప్పుడు వచ్చేదాకా గడప దాటను."

టీచరమ్మ కాసేపు దొరగారి తల నిమిరింది. తర్వాత లేచి గొంతు సవరించుకుంది.

"కీఈఈఈ..."

అద్భుతంగా వచ్చింది. కచేరీలో అయితే చప్పట్లు పడేవి. దొరగారు ఆవులించాడు.

"టీచరమ్మా, మీ గొంతులో తుప్పు లేదు," అన్నాడు నూనెడబ్బా. "తలుపుకి తుప్పుండాలి. పొద్దున్నే పాలవాడి మీద అరిచినట్టు అనండి."

"నేను ఎవరి మీదా అరవనండీ."

"మా ఆవిణ్ని చూసి నేర్చుకోండి. ఏమోయ్, ఓసారి నన్ను పిలువు."

"ఏవండీఈఈ!"

దొరగారు గిన్నె వైపు రెండడుగులు వేశాడు.

మధ్యాహ్నానికి సంగీతం టీచరు గొంతు బొంగురుపోయింది. అప్పుడు పడింది అసలు కీచు. దొరగారు తోక ఊపుకుంటూ వెళ్లి గిన్నెలో ముఖం పెట్టాడు. ఆవిడ అక్కడే చతికిలబడి నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఆ బొంగురు గొంతుతోనే అక్కకి ఫోన్ చేసింది.

"ఇల్లిచ్చెయ్యక్కా. తప్పు చేశారు, కానీ చేసి పారిపోలేదు. ఆయన జేబులో డబ్బా మాత్రం గేటు దగ్గరే లాక్కో."

అక్క దాకా ఆగలేదు. కండక్టరమ్మ అప్పుడే లాక్కుని తన సంచిలో అడుక్కి తోసేసింది.

కొండ ఎత్తు మొదలయ్యేసరికి నూనెడబ్బా సైకిల్ చైను ఎండిపోయి కుయ్యో మొర్రోమంటోంది.

"ఒక్క చుక్కే. నీకు పుణ్యముంటుంది."

"వద్దు. ఆ చప్పుడుంటే మీరు వెనకాలే ఉన్నారని తిరిగి చూడకుండానే తెలుస్తోంది."

"అంటే నన్ను దొరగారి లెక్కలో వేశావా?"

"అంత మర్యాదెక్కడిది? తలుపు లెక్కలో వేశాను. రైట్ రైట్!"