చేతిరుమాలు వేసిన సీటు

కండక్టరుగారి పెళ్లి ఎలా కుదిరిందో ఆ డిపోలో అందరికీ తెలుసు. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, కుట్టు దుకాణంలో పనికి వెళ్లే ఒకమ్మాయి రోజూ ఆయన బస్సే ఎక్కేది. బస్సు ఎంత కిక్కిరిసినా కిటికీ పక్క సీటు మీద ఆయన చేతిరుమాలు పరిచి ఉండేది. ఎవరైనా కూర్చోబోతే "మనిషొస్తోంది, జరగండి" అనేవాడు. ఆ మనిషి తనేనని అమ్మాయికి అర్థమైంది. ఒకరోజు ఆ రుమాలు ఇంటికి పట్టుకెళ్లి, అంచు చక్కగా కుట్టి తెచ్చి ఇచ్చింది. అంతే, అంతకు మించి రాయబారాలేవీ నడవలేదు.

"మా ఆయన ఎక్కడికెళ్లినా ముందు నాకు సీటు ఆపుతారు" అని ఆవిడ ఇప్పటికీ ఇరుగుపొరుగుతో చెప్పుకుని మురిసిపోతుంది. మురిసిపోయేది అనాలేమో ఇక.

రిటైరయ్యాక ఆయనకి విమానం సరదా పుట్టింది. ఆవిడ చెల్లెలి ఊరికి అందులోనే వెళ్దామన్నాడు. ఆవిడ మేడ మీంచి కిందికి చూస్తేనే కళ్లు తిరిగే మనిషి.

"నావల్ల కాదండీ. నేల మీద నడిచేదేదైనా ఎక్కుతాను."

"నేను పక్కనే ఉంటాగా. నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకో, తెరిచేసరికి దిగిపోతాం."

ఆ ఒక్క మాట మీదే ఆవిడ ఒప్పుకుంది.

విమానాశ్రయంలో ఆవిణ్ని సంచుల దగ్గర కూర్చోబెట్టి, కౌంటరుకి ఆయనొక్కడే వెళ్లాడు. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"విమానం మార్చారట. మన సీట్లు చెరో మూలకీ పోయాయి. ఎంత బతిమాలినా ఆ కౌంటరు పిల్ల వినలేదు."

"మరి నేనొక్కదాన్నే ఎలాగండీ?"

"కాసేపేగా. సర్దుకో."

సర్దుకోవడం ఆవిడకి కొత్తా? సామాను సర్దింది, సంసారం సర్దింది, అత్తగారి నోటికి సర్దుకుపోయింది. గాల్లో సర్దుకోవడమే ఎవరూ నేర్పలేదు.

ఆవిడకిచ్చింది చిట్టచివరి వరస, టాయిలెట్ గోడకి ఆనుకున్న సీటు. అది వెనక్కి వాలదు. ముందు సీటు మాత్రం వాలి ఆవిడ మోకాళ్ల మీదికొచ్చింది. తలుపు తీసినప్పుడల్లా వాసన. పిలుపు బటన్ నొక్కితే దీపం వెలిగింది గానీ మనిషి రాలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది. ఆయన ఎలాగో ఒకలా వచ్చేస్తాడనుకుని, సంచిలోంచి ఆయన రుమాలు ఒకటి తీసి దాని మీద పరిచింది. పాపం, ఆవిడకి తెలిసిన రిజర్వేషన్ అదొక్కటే.

ఒక భారీ మనిషి వచ్చి రుమాలు వంకా, తన చేతిలో కాగితం వంకా చూశాడు.

"మనిషొస్తున్నారండీ" అందావిడ.

ఎయిర్‌హోస్టెస్ అప్పుడొచ్చింది. రుమాలును రెండు వేళ్లతో ఎత్తి ఆవిడ ఒళ్లో పడేసింది. "ఇది బస్సు కాదు మేడం."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. అయినా అడిగింది.

"అమ్మా, ఇదే మొదటిసారి నేను ఎక్కడం. భయంగా ఉంది. మా ఆయన ముందెక్కడో ఉన్నారు, కాస్త ఇటు పంపిస్తావా?"

"ముందు సీటైతే నాకు మరీ మంచిది, నేను మారతాను" అన్నాడు భారీ మనిషి. దేవుడిలాంటివాడు.

ఎయిర్‌హోస్టెస్ విసుగ్గా ముందుకి వెళ్లింది. ఆవిడ ప్రాణం కుదుటపడింది. సంచి కాళ్ల కిందికి తోసి, ఆయన రావడానికి దారి చేసింది.

ఆ పిల్ల ఒక్కతే తిరిగొచ్చింది.

"సార్ మారరట మేడం. వెనక ఇద్దరికీ కలిపి ఇస్తామన్నా వద్దని, కాళ్లు చాపుకోవచ్చని ఆ సీటే అడిగి తీసుకున్నారట. మీరు సర్దుకుంటారని చెప్పమన్నారు. బెల్టు పెట్టుకోండి."

విమానం లేచింది. ఆవిడ సీటు చేతులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. భయపడాల్సిన వేళకి భయం కూడా సరిగ్గా రాలేదు. ఎంత బతిమాలినా వినలేదన్నాడే! కాళ్లు నొప్పులని ఒక్క మాటంటే, మీరక్కడే కూర్చోండని తనే పంపేది కాదూ? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. కన్నీళ్లు వచ్చాయి. ఒళ్లో రుమాలు ఉన్నా దాంతో తుడుచుకోలేదు, పైటతో తుడుచుకుంది.

దిగాక బయటికి తీసుకెళ్లే బస్సు సిద్ధంగా ఉంది. ముందు దిగిన కండక్టరుగారు ముందే ఎక్కి, పాత అలవాటు కొద్దీ పక్క సీటు మీద చేతిరుమాలు పరిచాడు. ఆవిడ ఎక్కేసరికి బస్సు నిండిపోయింది.

"ఇటు రావోయ్, నీకు సీటు ఆపాను" అన్నాడు నవ్వుతూ. "చూశావా, ఏమీ కాలేదు. నువ్వు సర్దుకుంటావని నాకు తెలుసు."

చంటిబిడ్డతో నిలబడ్డ ఒకామె ఆ సీటు చూసి ఆగింది. "ఇక్కడ ఎవరైనా వస్తున్నారా అండీ?"

"మనిషొ..." అని ఆయన మొదలుపెట్టేలోపే ఆవిడ వంగి రుమాలు తీసింది. తను కుట్టిన అంచు కలిసేలా నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో ఉంచింది.

"ఎవరూ రావట్లేదమ్మా. కూర్చో."

ఆయన మొహం పాలిపోయింది. "మరి నువ్వో?"

"నేను సర్దుకుంటాను లెండి" అని, ఆవిడ కమ్మీ పట్టుకుని అటు తిరిగి నిలబడింది.