కడగని కూలర్

గుడి దగ్గర, ఆదివారం పూజ అయ్యాక అందరూ బయటికొస్తున్న వేళ, పదిమందీ వినేటట్టు "మా ఆవిడ చేతులెప్పుడూ కిరసనాయిలు కంపేనయ్యా" అని నవ్వినవాడు బాలశౌరి. కట్టుకున్న మొగుడు. ఆ మాటని జోజమ్మ ఈనాటికీ క్షమించలేదు.

కంపు ఎక్కడినుంచి వచ్చిందట? తిరువూరులో బెజవాడ రోడ్డు పక్కన వాడి మెకానిక్ షెడ్డు. వెనకే ఇల్లు. షెడ్డులో ఊడిన ప్రతి సామానూ ఆమె చేతుల్లోంచే పోతుంది. వంటయ్యాక, అంట్లయ్యాక, రేకు తట్టలో కిరసనాయిలు పోసుకుని కూర్చుంటుంది. బాలశౌరి మడ్డి పట్టిన సామాను గోనెపట్టా మీద పడేసి టీకి పోతాడు. వాడు తిరిగొచ్చేసరికి అన్నీ మెరుస్తూ ఉంటాయి. అవెలా మెరిశాయని వాడెప్పుడూ ఆలోచించలేదు. పొద్దున్నే వెలుగొస్తుంది కదా, ఇదీ అలాగే అనుకున్నాడు. పదకొండేళ్ళు.

ఆ ఏడు వాడికి పందేల పిచ్చి పట్టింది. మద్రాసులో కార్ల పందెమట. పాత ఫియట్ ఒకటి కొని, ఇంజను విప్పి, హెడ్డు అరగదీసి, రెండు కార్బురేటర్లు పెట్టాడు. బండి బాణంలా పోతుంది, కాదనడానికి లేదు. కానీ పది మైళ్ళు పోయేసరికి ఇంజను కాగిపోతుంది, ఆయిలు నీళ్ళలా పలచనై ప్రెషరు ముల్లు పడిపోతుంది. దానికి మందని మద్రాసు నుంచి పాత ఆయిల్ కూలర్ తెప్పించాడు. చిన్న రేడియేటర్ లాంటిది. బండి ముందు బిగిస్తే, వేడి ఆయిలు దానిలోకి పోయి, గాలికి చల్లారి తిరిగొస్తుంది. పందెంలో ఇంజను పగిలిన ఏదో విదేశీ కారుదట అది.

మిగతా ఖర్చుకి రైసుమిల్లు దశరథరామయ్యగారు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. పెనుగొలనులో జోజమ్మకి తండ్రి రాసిచ్చిన ఎకరం ఇరవై రెండు సెంట్ల మామిడి తోట ఆయనకి రాసివ్వాలి. జోజమ్మ నెల్లాళ్ళు నోరు విప్పలేదు. అత్త అంతోనమ్మ ఊరుకుంటుందా? "మొగుడిది కానిది పెళ్ళానికేముంటుందే?" అని పూటకోసారి పొడిచేది. చివరికి దశరథరామయ్యగారే తీర్పు చెప్పాడు: "బండి విస్సన్నపేట పోయి చల్లగా తిరిగొస్తే అమ్మాయి సంతకం పెడుతుంది. రాకపోతే లేదు." జోజమ్మ తలూపింది. ఊపక ఏం చేస్తుంది?

ఆ రోజు రానే వచ్చింది. కాగితంలో చుట్టిన కూలర్ని బాలశౌరి గోనెపట్టా మీద పడేసి టీకి వెళ్ళాడు. జోజమ్మ తట్ట దగ్గర కూర్చోబోతుంటే అంతోనమ్మ కేకేసింది. "ఏమే, మిల్లు అయ్యగారు భోజనానికొస్తుంటే ఇనప ముక్కల ముందు కూలబడ్డావా? లే, కోడిని కొయ్యి. ఆ సామానెక్కడికీ పోదులే."

మసాలా నూరి, కూర పొయ్యి మీదికెక్కించి, టీ గ్లాసులు పట్టుకుని షెడ్డులోకి వచ్చేసరికి కూలర్ బండికి బిగించి ఉంది. గొట్టాలు తగిలించారు, ఆయిలు పోశారు. దశరథరామయ్యగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గోనెపట్టా మీద మిగిలింది చుట్టొచ్చిన కాగితం. దాని మీద నల్లటి ఆయిలు మరక. జోజమ్మ వేలితో తాకి ఎండలో పెట్టి చూసింది. ఇత్తడి రంగు పొడి. పగిలిన ఇంజను తాలూకు అరుగుడంతా ఆ కూలర్ కడుపులో ఉందన్నమాట.

మాట్లాడకుండా టీ ఇచ్చి వంటింట్లోకి పోతే చాలు. బండి తిరిగి రాదు, తోట ఎక్కడికీ పోదు. ఎవరూ తనని అనలేరు, ఏమీ తెలియని ఆడదని వాళ్ళే కదా అనేది! అనుకుంది, ఒట్టు, అనుకుంది. గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టేంత సేపు అదే అనుకుంది. కానీ మురికి సామాను ఇంజనులోకి పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆ చేతులకి అలవాటు లేదు.

"ఏమండీ, అది కడగలేదు."

"ఏది?"

"ఆ కూలరు. నేను వంటలో ఉన్నాను. ఇదుగో, పొడి చూడండి."

దశరథరామయ్యగారు పకపకా నవ్వాడు. "ఏరా శౌరీ, ఇక్కడ మేస్త్రీ నువ్వా, మీ ఆవిడా?"

బాలశౌరి మొహం కందగడ్డయింది. "వంటింటి తెలివండీ అయ్యగారూ. చేపలు కడిగినట్టు ఏదైనా నాలుగు నీళ్ళు కడగాలంటుంది." తర్వాత గొంతు తగ్గించి, "లోపలికి పో. పరువు తియ్యకు" అన్నాడు.

"ఫిల్టరు దాటాక పెట్టారు కదండీ దాన్ని. అందులోంచి వచ్చేది నేరుగా బేరింగుల్లోకే పోతుంది. ఒక్క గంటాగండి, విప్పివ్వండి, కడిగిస్తాను."

"గంటా! అయ్యగారు నీకోసం కాచుక్కూచుంటారా? ఫిల్టరంట, బేరింగంట! ఎవడు నేర్పాడే నీకు?"

ఎవడూ నేర్పలేదు. పదకొండేళ్ళు వేళ్ళతో తడిమి తెలుసుకుంది.

ఇంజను గర్జించింది. ప్రెషరు ముల్లు నిటారుగా నిలబడింది. చూశావా అన్నట్టు బాలశౌరి ఆమె వైపు కన్నెగరేసి, అయ్యగార్ని ఎక్కించుకుని విస్సన్నపేట రోడ్డున దుమ్ము లేపుకుంటూ పోయాడు.

కూర ఉడికింది. దించింది. అన్నం వార్చింది. "దిష్టి నోరు పెట్టావు పోయేముందు" అని అత్త గొణుగుతూనే ఉంది. జోజమ్మ వాకిట్లో నిలబడి రోడ్డు చప్పుళ్ళు వింటోంది. బస్సు, లారీ, మళ్ళీ బస్సు. ఆ ఇంజను గొంతు ఎంత దూరంలో ఉన్నా ఆమె పోల్చుకోగలదు. అది మాత్రం వినబడలేదు.

రెండు గంటలకి ఒక లారీ ఆగింది. వెనక మోకుకి కట్టిన ఫియట్. దశరథరామయ్యగారు లారీలోంచి దిగి పంచె దులుపుకున్నాడు. విస్సన్నపేట ఇంకా రాకముందే లోపల సుత్తితో కొట్టినట్టు టకటకలాడి, ఇంజను బిగుసుకుపోయిందట.

బాలశౌరి సూటిగా ఆమె దగ్గరికొచ్చాడు. "కడగలేదా నువ్వు?"

"కడగలేదు. చెప్పాను."

"పదకొండేళ్ళు కడిగినదానివి, ఇవాళే చేతులు పడిపోయాయా?"

జోజమ్మ వాడి మొహంలోకి చూసింది. పదకొండేళ్ళూ కడిగింది తనేనని వాడి నోటివెంట రావడం ఇదే మొదలు. అదీ తిట్టడానికి.

దశరథరామయ్యగారు చేతిసంచిలోంచి స్టాంపు కాగితం తీశాడు. "పోయిందేదో పోయింది. ఇంజను మళ్ళీ కట్టించుకో, డబ్బు నేనిస్తాను కదరా. అమ్మాయి చేత సంతకం పెట్టించు."

బాలశౌరి కలం మూత తీసి ఆమె ముందు పెట్టాడు. "నీవల్లే పోయింది. పెట్టు."

"చల్లగా తిరిగొస్తే అన్నది మీరే కదండీ అయ్యగారూ" అంది జోజమ్మ, మొగుడి వైపు చూడకుండా. "నేను పెట్టను."

అంతోనమ్మ గుండెలు బాదుకుంది. బాలశౌరి చెయ్యి ఎత్తాడు. అయ్యగారు చూస్తున్నాడని దించాడు. జోజమ్మ ఆ కాగితాన్ని పెద్దాయన ముందుకి జరిపి, "అన్నం చల్లారిపోతోంది, లేవండి" అని విస్తరి వేసింది.

తిరువూరులో ఎవర్ని కదిపినా, ఆ రోజు బాలశౌరి ఇంజను పోగొట్టుకున్నాడనే చెబుతారు. వాడు పోగొట్టుకున్నది ఎకరం ఇరవై రెండు సెంట్లు.