నమూనా ఇల్లు

దుప్పటిని లాగేసి మళ్ళీ పరిచింది బొమ్మలక్క. ఈసారి అంచు రెండు వైపులా నేలకు సమంగా వచ్చింది. అదే ఆమెకు నచ్చలేదు. మనుషులు పడుకునే పక్క ఇంత తీరుగా ఎక్కడుంటుంది? ఒక మూల పట్టుకుని కాస్త జార్చింది. దిండును మోచేత్తో పొడిచి, తల ఆనినంత గుంట చేసింది. గుమ్మం దాకా వెనక్కి నడిచి మెడ వంచి చూసింది. జార్చిన మూల మరీ ఎక్కువైనట్టనిపించింది. మళ్ళీ మంచం దగ్గరకు వెళ్ళింది.

"అక్కా, ఆ మంచం మీద ఎవరూ పడుకోరు. వదిలెయ్యి దాన్ని," అన్నాడు నిచ్చెన మీద దీపాలు బిగిస్తున్న ఎలక్ట్రీషియన్.

"పడుకోరనే కదా ఇంత బాధ," అంది ఆమె, పెదవులు విప్పీ విప్పకుండా.

మాట్లాడేటప్పుడు ఆమె పెదవులు ఎప్పుడూ సగమే తెరుచుకునేవి. ఏళ్ళ తరబడి పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని పని చేసిన అలవాటది. పొడుగాటి మనిషి. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి, నిలువెత్తు బొమ్మల్ని చంకకింద ఇరికించుకుని మోసీ మోసీ. ఎడమ బొటనవేలి చివర సూదిపోట్లకి కాయ కాసిపోయింది. జుట్టు తెల్లబడ్డా దాన్ని దువ్వి ముడేసే తీరులో ఇంకా తొందరే, వెనకనుంచి ఎవరో పిలుస్తున్నట్టు.

ఇప్పుడీ పడకగది ఉన్నచోట ఇదివరకు ట్రయల్ రూములుండేవి. మాల్ రెండో అంతస్తు మొత్తం ఒకే బట్టల దుకాణం. అందులో అద్దాల వెనక నిలబడే బొమ్మలకు బట్టలు కట్టడం ఆమె పని. చేతులు ఊడదీసి, చొక్కా తొడిగి, మళ్ళీ చేతులు బిగించి, వీపు వెనక సూదులు గుచ్చి, రోడ్డు మీదికెళ్ళి చూసుకుని, తిరిగొచ్చి మార్చేది. అందరూ బొమ్మలక్క అన్నారు. అసలు పేరు జీతం ఇచ్చే రోజు తప్ప వినబడేది కాదు.

తర్వాత ఊరి జనం ఇంకో వైపుకు మళ్ళారు. ఒక షట్టరు దిగింది, దాని పక్కది దిగింది. ఎస్కలేటర్ ఆగిపోయింది, బాగుచేయించినవాడు లేడు. కింద సినిమా హాలు ముందు పావురాలు కాపురం పెట్టాయి. చివరికి మాల్‌ని ఎవరో కొన్నారని, పడగొట్టకుండా మార్చేస్తారని తెలిసింది. కింద గ్రంథాలయం, క్లినిక్, పసిపిల్లల్ని చూసుకునే గది. తిండి దుకాణాలున్న చోట అందరూ కలిసి కూర్చునే హాలు. పైన ఇళ్ళు. డిజైన్ మేడమ్ అని ఒకావిడ, చంకలో కాగితాల చుట్టలతో వచ్చి అంతా తిరిగి చూసి, బట్టల దుకాణం మూసేసినా బొమ్మలక్కను మాత్రం ఉండమంది. కొనేవాళ్ళకు చూపడానికి ముందుగా ఒక ఇల్లు కట్టి, దాన్ని ఆమెకు అప్పజెప్పింది.

"సామాను పెడితే చాలదమ్మా," అని చెప్పింది మేడమ్. "ఇంట్లోవాళ్ళు ఇప్పుడే పక్కింటికెళ్ళారు, వచ్చేస్తారు అన్నట్టుండాలి."

ఆ మాట బొమ్మలక్కకు వెంటనే అర్థమైంది. భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీని కొంచెం అడ్డంగా లాగింది. వంటగట్టు మీద ఒక కప్పు బోర్లించి, ఒకటి తెరిచి పెట్టింది. తలుపు వెనక కొక్కేనికి గొడుగు తగిలించింది. అందరూ మెచ్చుకున్నారు. కానీ ఆమెకు మాత్రం ఏదీ కుదిరినట్టుండదు. పొద్దున పెట్టింది మధ్యాహ్నం మారుస్తుంది.

ఇంట్లోనూ ఇదే వరస. "కుదురు ఏ కొట్లో అమ్ముతారో తెలిస్తే నీకోసం కొనుక్కొచ్చేవాణ్ణి," అనేవాడు మొగుడు. ఆయన బస్సు కండక్టరు. ఉద్యోగం అయిపోయాక కూడా వీధిలో అందరికీ కండక్టరే. బతుకంతా కదిలే బస్సులో నిలబడ్డ మనిషి, ఇంటికొచ్చాక కూర్చోవడమే పనిగా పెట్టుకున్నాడు. ఆమె నిలబడే ఉండేది. అన్నం కూడా గట్టుకు ఆనుకుని నిలబడే తినేది.

వాళ్ళు మారిన ఇళ్ళకు లెక్క లేదు. ఒక ఇంట్లో కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. ఇంకో ఇంట్లో రాత్రంతా పైపులో నీళ్ళ చప్పుడు. ఒకచోట ఇంటావిడ మంచిదే, కానీ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఏం వండారని అడిగేది. వంకేమీ దొరక్కపోతే వెలుతురు బాగాలేదనేది బొమ్మలక్క. కండక్టరు ఎదురు చెప్పేవాడు కాదు. మంచం విప్పి, మూటలు కట్టి, తోపుడుబండి వెనక నడిచేవాడు. కూతురు మాత్రం ఒకసారి అడిగింది, స్కూలు సంచి భుజాన వేసుకుని, "అమ్మా, మా ఫ్రెండ్స్‌కి మన ఇల్లెక్కడని చెప్పాలి?" అని. ఆ పిల్ల పెళ్ళయి వేరే ఊళ్ళో స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఒక్క ఇంట్లోనే ఉంటోంది. ఆ ప్రశ్న మాత్రం తల్లిని వదల్లేదు.

ఈమధ్య కండక్టరుకి ఆయాసం మొదలైంది. మూటలు మోసే ఓపిక లేదు కాబట్టి మెకానిక్ షెడ్డు వెనక గదిలోనే ఉండిపోయారు. రోజంతా రేకు మీద సుత్తి దెబ్బలు. ఆమె గోడలకేసి చూస్తూ తిరిగేది.

ఇప్పుడు మేడమ్ కొత్త సంగతి చెప్పింది. ఇక్కడే పనిచేస్తూ ఉండేవాళ్ళకు వెనకవైపు కొన్ని చిన్న ఇళ్ళు తక్కువ అద్దెకిస్తారట. ఒకసారి తీసుకుంటే ఉన్నన్నాళ్ళూ వాళ్ళదే. అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చాలి. వారం నుంచీ బొమ్మలక్క "చూద్దామండీ" అంటూనే ఉంది. ఉన్నన్నాళ్ళూ అన్న మాట దగ్గరే ఆగిపోతోంది.

దుప్పటి వదిలేసి ఫోన్ తీసింది.

"ఏమయ్యా, తిన్నావా?"

"ఆఁ, తిన్నా."

"ఒకసారి వచ్చి చూస్తావా? సాయంత్రంలోగా చెప్పాలి."

"నీకు నచ్చితే సరేనని చెప్పెయ్యి."

"నాకు నచ్చడం సంగతి నీకు తెలీదా?"

అవతల చిన్నగా నవ్వు వినిపించింది. "సరే, వస్తాలే."

ఫోన్ పెట్టేశాక ఆగిపోయిన ఎస్కలేటర్ గుర్తొచ్చింది. లిఫ్టు సామానుకే. అంత ఎత్తూ ఆ ఇనప మెట్లెక్కి రావాలి. మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. అప్పుడే బయల్దేరిపోయినట్టున్నాడు.

ఈలోగా ఇల్లు చూసేవాళ్ళు రాసాగారు. సొరుగులు లాగారు, కుళాయిలు తిప్పారు, పరుపు నొక్కి చూశారు. చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ తలుపు వెనక గొడుగు చూసి, "అయ్యో, ఇంట్లో మనుషులున్నారా?" అని గొంతు తగ్గించింది. బొమ్మలక్కకు లోపల సంతోషం వేసింది. ఒక గుంపు వెళ్ళగానే ఆమె వాళ్ళ వెనకే అన్నీ సర్దుతూ నడిచేది. ఎవరో తిప్పిన కప్పు, ఎవరో మూసిన కిటికీ రెక్క. ఎలక్ట్రీషియన్ ఆమెకో టీ తెచ్చి పెడితే అది చల్లారిపోయింది. మధ్యమధ్య గుమ్మం బయటికెళ్ళి మెట్ల వైపు తొంగిచూసి వచ్చింది.

కండక్టరు వచ్చేసరికి చూసేవాళ్ళు పలచబడ్డారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, డ్యూటీకెక్కే రోజుల్లోలాగా గుండీలన్నీ పెట్టుకుని. గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"కాసేపు ఆగి రాకూడదూ?"

"ఆగి ఆగే వచ్చానే. మెట్లు కొంచెం ఎత్తు."

నీళ్ళిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి గ్లాసు తిరిగిచ్చాడు. ఆమె అప్పటికే చూపించడం మొదలుపెట్టింది. "మనకిచ్చేది ఇంత పెద్దది కాదు. ఇందులో సగం. ఇదిగో వంటగది ఇలాగే ఉంటుందట. కిటికీలోంచి చూడు, ఆ బళ్ళు పెట్టుకునే స్థలం తవ్వుతున్నారే, అక్కడ మొక్కలు వేస్తారు. కానీ పడమటి ఎండ కొడుతుంది. కింద పిల్లల గది, రోజంతా అరుపులు. గోడలు కూడా పల్చనేమో..."

"అప్పుడే వంకలు మొదలెట్టావా? ఇంకా తాళం చెవి కూడా ఇవ్వలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన కిటికీ పక్కనున్న గుడ్డ కుర్చీ దగ్గర ఆగాడు. లేత రంగు కుర్చీ. "ఇందులో కూర్చోవచ్చా? చూపడానికి పెట్టారేమో."

"అందరూ కూర్చున్నారు. నువ్వూ కూర్చో."

కండక్టరు జేబులోంచి రుమాలు తీశాడు. మడతలు విప్పి, కుర్చీ మీద పరిచి, నాలుగు మూలలూ అరచేత్తో సవరించాడు.

"అదెందుకయ్యా?"

"చెమట. కొత్త కుర్చీ మాసిపోతుంది, నిన్నంటారు మళ్ళీ." దాని మీద మెల్లగా కూర్చుని వెనక్కి వాలాడు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద ఆనించి, కిటికీలోంచి తవ్విన మట్టికేసి చాలాసేపు చూశాడు. మొహంలో అలసట సర్దుకుంది.

"ఇక్కడ దిగిపోదామే," అన్నాడు.

ఆమె కిటికీ దగ్గరకు జరిగింది. కర్టెన్ కొంచెం లాగింది, మళ్ళీ వదిలింది. వంటగదిలోకెళ్ళి తడి గ్లాసు తుడుస్తూ అక్కణ్ణుంచే మాట్లాడింది. సామాను ఎక్కడ పెట్టాలి, బీరువా పడుతుందా, కూతురు వస్తే ఎక్కడ పడుకుంటుంది. ఆయన "ఊఁ" అంటున్నాడు. పరుపు కింద వేద్దాంలే అందామె. దానికి ఊఁ రాలేదు. సుత్తి చప్పుడుండదు కదా, నీకు నిద్ర పడుతుంది అంది. దానికీ రాలేదు.

నిద్రపోయాడేమో అనుకుని వచ్చింది. తల ఒక పక్కకి ఒరిగింది, కళ్ళు సగం మూసుకున్నాయి. కుడిచెయ్యి కుర్చీ పక్కకి జారి వేలాడుతోంది. అలవాటు కొద్దీ ఆ చెయ్యి ఎత్తి కుర్చీ చెయ్యి మీద పెట్టింది. అది పెట్టిన చోటే ఉండిపోయింది.

"ఏమయ్యా," అంది. భుజం కుదిపింది. "ఇదిగో, ఏమయ్యా."

నిచ్చెన మీది ఎలక్ట్రీషియన్ ఆ గొంతు విని దిగి పరిగెత్తుకొచ్చాడు. ఫోన్ చేశాడు, చొక్కా గుండీలు విప్పాడు, పాదాలు రుద్దాడు. కింద క్లినిక్ గోడలకు ఇంకా రంగు కూడా వెయ్యలేదు. అంబులెన్సు బయటినుంచే రావాలి. వచ్చినవాళ్ళలో పెద్దాయన మణికట్టు పట్టుకుని, ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, కంట్లో టార్చి వేసి చూసి తలెత్తాడు. "బాధపడి ఉండరమ్మా," అన్నాడు.

బొమ్మలక్క కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది. మొగుడి పాదం ఒడిలో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. డిజైన్ మేడమ్ పరిగెత్తుకొచ్చి ఏవో మాటలు చెబుతున్నా, కూతురికి ఎవరో ఫోన్ చేస్తున్నా, స్ట్రెచర్ కోసం బల్ల జరుపుతున్నా, ఆమె లేవలేదు. ఆమె అంతసేపు ఒక్కచోట కూర్చోవడం అక్కడ పనిచేసేవాళ్ళెవరూ చూసి ఉండలేదు.

ఆయన్ని సామాను లిఫ్టులోనే దింపారు. లిఫ్టు తలుపు దగ్గర మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుంది. "మీరిప్పుడేం ఆలోచించకండమ్మా. ఆ ఇంటి సంగతి నేను ఆపి ఉంచుతాను. మెల్లగా చెబుదురుగాని."

"చెబుతున్నా కదండీ," అంది బొమ్మలక్క. పెదవులు పూర్తిగా విచ్చుకున్నాయి. "మేం దిగుతున్నాం. రాసుకోండి."

మేడమ్ తల ఊపింది. లిఫ్టు తలుపు మూసుకుంది.

అందరూ వెళ్ళాక ఎలక్ట్రీషియన్ తాను బిగించిన దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చాడు. జరిపిన బల్లను యథాస్థానంలోకి లాగాడు. కిటికీ దగ్గర ఆగాడు. సాయంత్రపు ఎండ సగం దాకా పాకిన ఆ కుర్చీలో, నీలం చారల రుమాలు మధ్యలో నలిగి, గుంట పడి, మూలలు మాత్రం కండక్టరు సవరించినట్టే నాలుగు వైపులా పరుచుకుని ఉంది.