చక్రం తిరగనివ్వలేదు

పిల్లల్ని బడి నుంచి తెస్తున్న ఆటో మా అపార్ట్‌మెంట్ ముందు ఉన్నట్టుండి ఆగిపోయింది. చెడిపోలేదు. చక్రానికి బిగించిన పెట్టె ఆపేసింది. తిరిగిన దూరానికి పన్ను బాకీ పడితే అది ఇంజను గొంతు నొక్కేస్తుంది.

ఆ పన్ను వచ్చిన రోజు మేం కేకు కోసుకున్నాం. రోడ్లు ఖాళీ అవుతాయని, గాలి బాగుపడుతుందని. గాలంటే మాకు ప్రాణం. అందుకే కారు అద్దాలు ఎప్పుడూ దించం.

ఆటో బాబాయ్ పిల్లల్ని దింపాడు. "నడవండి నాన్నా, నాలుగడుగులే."

"మావాడి కాళ్లు నొప్పెడతాయయ్యా!" బాల్కనీలోంచి మా సెక్రటరీ అరిచాడు. ఈయన రోజూ నడక కోసం పార్కుకి కార్లో వెళ్తాడు.

పన్ను ఇన్‌స్పెక్టర్ జీపులోంచి తాడుతో దిగాడు. "బండి జప్తు. ఆఫీసు దాకా లాక్కెళ్లే దూరానికి కూడా పన్ను నీదే."

"మీరు లాక్కుపోయినా నేనే కట్టాలా సారూ?"

"చక్రం నీదే కదా."

బాబాయ్ భార్య పరుగెత్తుకొచ్చి బండిని పట్టుకుంది. "ఇది పోతే రేపు పొయ్యి మీద ఏం పెట్టను? నా చేతులా?"

ఆటో స్టాండులోని డ్రైవర్లంతా వచ్చేశారు.

"చందాలేసుకుని కట్టేద్దాం," అన్నాడో ముసలి డ్రైవరు.

"ఇవాళ ఈయనది, రేపు నీది, ఎల్లుండి నాది. తలా కొంచెం వేసుకుని ఉరితాడు కొనుక్కున్నట్టుంది తాతా!" అంది ఆటో నడిపే అక్క.

"పోనీ ఆఫీసు దాకా మనమే తోసుకుపోదాం."

"తోసినా తిరుగుతుంది."

బాబాయ్ భార్య కళ్లు తుడుచుకుంది. "తిరక్కుండా తీసుకుపోదాం. ఎత్తండి!"

ఎత్తారు. శవాన్ని మోసినట్టు మోశారు. పిల్లలు ఇళ్లకి పోలేదు. ఊగుతున్న చక్రాలు తిరక్కుండా పట్టుకుని నడిచారు. మేం వెనకే వెళ్లాం, వీడియో తీసుకుంటూ.

పన్ను ఆఫీసు గేటు దగ్గర పోలీసులు అడ్డం నిలబడ్డారు. "దించండి!"

"దించితే తిరుగుతుంది సార్," అంది అక్క.

ముందు ఆమెనే ఈడ్చుకెళ్లారు. తర్వాత బాబాయ్‌ని. ఒక్కో భుజం తగ్గుతుంటే బండి ఒరుగుతోంది. ఇస్త్రీ చేసే ఆయన దూరాడు. కూరలమ్మే ఆవిడ దూరింది. అయినా ఒరుగుతోంది, చక్రం వదలని సెక్రటరీ కొడుకు మీదికే.

"ఒరేయ్, యూనిఫాం మాస్తుందిరా!" అంటూ సెక్రటరీ ఉరికాడు. కొడుకుని లాగాడు. వాడు రాలేదు. ఆయన ఇంట్లో రోజూ బరువులెత్తుతాడు, ఇంతవరకూ ఎవరి బరువూ ఎత్తలేదు. దిక్కుతోచక భుజం పెట్టాడు.

"వదులు!" అన్నాడు పోలీసు.

"వదిలితే మావాడి మీద పడుతుందండీ!"

"మావాడూ ఉన్నాడక్కడ," అని మాలో ఎవరో ఫోను జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఇంకొకరు. సాయంత్రానికి పోలీసు వ్యాన్లు నిండిపోయాయి.

బండి ఇంకా భుజాల మీదే ఉంది.