ఇంటికి ఒక్కామె

"ఇంటికి ఒక్కామె చాలు. మిగతావాళ్లను తీసెయ్యి" అన్నాడు నా మొగుడు జయరాజు, నేను ఆయన టిఫిన్ డబ్బాలో ఉప్మా సర్దుతుండగా. నేను నోరు తెరిచేలోపే వాకిట్లోంచి అత్తమ్మ నా బదులు జవాబిచ్చింది. "ఎస్తేరు చేస్తది తియ్ రా. దానికేం ఫికర్?"

మా ఇంట్లో నన్నడిగిన ప్రశ్నకు జవాబు ఆమెదే. పోయినేడు నాకు కడుపు పోయినప్పుడు, దవాఖానలో డాక్టరమ్మ నా మొహం చూసి ఎక్కడ నొప్పి అనడిగితే, "ఏంలేదమ్మా, జర నీరసం" అన్నది అత్తమ్మే. జయరాజు తలూపాడు. బెంచీ మీద చీర నెత్తుటితో తడుస్తుంటే నేను పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

నాదీ జయరాజుదీ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఆయన ప్రాజెక్టు ఆఫీసరు, నేను ఆయన కింద. మా ఊరి మట్టెవాడ పేటలో ఆడవాళ్ల జబ్బుల మీద సర్వే. ఇళ్ల వివరాల ఫైలు వేరే ఆఫీసు నుంచి కంప్యూటరు టేపు మీద వచ్చింది. నేను గల్లీలు తిరిగి తెచ్చిన ఆడవాళ్ల జవాబులది ఇంకో ఫైలు. ఇంటి నెంబరు చూసి కంప్యూటర్లో రెంటినీ కలపాలి. అత్తాకోడళ్లున్న చోట అదే నెంబరు రెండోసారి వచ్చి తప్పు చూపిస్తోంది. అందుకని అత్తల జవాబులుంచి కోడళ్లవి వడగట్టి తీసెయ్యమంటాడు జయరాజు. ఆయన ఈ మధ్యాహ్నం బండికి హైదరాబాదు పోయి, రేపు పెద్దాఫీసర్ల ముందు రిపోర్టు చదవాలి.

నేను చూసొచ్చిన ఒకింట్లో అత్త ముందుగదిలో కూర్చుని, "మా ఇంట్ల ఎవలకూ బీమారి లేదు బిడ్డా" అని రాయించింది. దొడ్లో అంట్లు తోముతున్న కోడలు సుగుణ నా కొంగు పట్టుకుంది. "అక్కా, మెల్లగ రాసుకో. పొత్తికడుపు నొప్పికి నిలవడలేకపోతాన. చెప్తే పనిదొంగ అంటాండ్లు." ఆమె జవాబు తీసేస్తే ఆ ఇంట్లో జబ్బే లేదు.

ఆఫీసులో జయరాజు నా కుర్చీ వెనకే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నేను కోడళ్లను వడగట్టలేదు. ఒక్కో ఆడమనిషి వరుసలోనూ ఆమె ఇంటి వివరాలు మళ్లీ వచ్చేలా కంప్యూటరుకు ఆజ్ఞ రాశాను. ప్రింటరు గరగరమంటూ కాగితం వదిలింది.

"ఇండ్లకన్న వరుసలెక్కువున్నయేంది? నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్?"

"ఇంటికి ఆడామెను కలపలే. ఒక్కొక్క ఆడామెకు ఇల్లు కలిపిన. అత్తా ఉన్నది, కోడలూ ఉన్నది."

"ఒక్క ఇంట్ల రెండు తీర్ల జవాబులేందని అడిగితే నేనేం చెప్పాలె?"

"మీరు చెప్పకుండ్రి. వాళ్లతోని మాట్లాడింది నేను. హైదరాబాదు నేనూ వస్త."

పక్క బల్లలవాళ్లు చూస్తున్నారని గొంతు తగ్గించాడు. "ఇంట్ల వంటెవరు చేస్తరు? అమ్మ వద్దంటది."

నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"అత్తమ్మ మాట అత్తమ్మది. నా మాట నన్నడుగుండ్రి."