కర్త లేని పది వాక్యాలు

"ఇంకా ఆ పిల్లల రాతలేనా? నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?"

అయిందనే భర్తకు చెప్పింది. ఇస్త్రీ బల్ల చివర గోడకు ఆనించిన ఫోనులో ఎనిమిదో తరగతి పిల్లల రాతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక చేయి కాలరు మీద ఇస్త్రీపెట్టెను నడిపిస్తుంటే, రెండో చేతి వేలు వాక్యాలను పైకి జరుపుతోంది. ఈ రెండు పనులూ కలిపి చేయడం ఎంత అలవాటైపోయిందంటే, ఎవరు రాసింది ఏ చొక్కా దగ్గర చదివిందో కూడా ఆమెకు గుర్తుండేది. తాతగారు కళ్ళజోడును దారంతో కట్టుకుంటారని ఒక పిల్ల రాసింది చారల చొక్కా దగ్గర. నాన్న మాటిమాటికీ ఉద్యోగం మారడం గురించి ఒకడు రాసింది తెల్ల చొక్కా రెండో చేయి దగ్గర.

ఆమె భాష చెప్పే టీచరు. పద్నాలుగేళ్ళుగా అదే బడి. వ్యాసం రాయమంటే పిల్లలు గైడులో ఉన్నది ఉన్నట్టు దించేసేవారు. ముప్పై ఎనిమిది వ్యాసాలూ కవల పిల్లల్లా ఉండేవి. చదవడానికీ ఏమీ ఉండేది కాదు, దిద్దడానికీ ఏమీ ఉండేది కాదు. విసుగు పుట్టి, ఓ రోజు కంప్యూటరు మాస్టారిని బతిమాలి తరగతికి ఒక బ్లాగు పెట్టించింది. ఆ తరగతి పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ తప్ప ఇంకెవరూ చూడలేని బ్లాగు అది. వారానికి పది వాక్యాలు, సొంతంగా, తమకు తెలిసినదాని గురించే రాయాలి. ఇంకో ఇద్దరి రాతల కింద వ్యాఖ్య పెట్టాలి. దానికి ఆమె షరతు ఒక్కటే. "బాగుంది అని రాస్తే ఊరుకోను. బాగుంది అన్నారంటే చదవలేదని లెక్క. ఒక ప్రశ్న అడగండి. నిజంగా తెలుసుకోవాలనిపించింది అడగండి."

మొదట్లో ఎవరికీ ఏమీ తెలుసుకోవాలనిపించలేదు. నెల తిరిగేసరికి సంగతి మారింది. తాతగారు కొత్త కళ్ళజోడు ఎందుకు కొనుక్కోరని ఎవరో అడిగితే, ఆ జవాబు ఏ గైడులోనూ దొరకదు కదా. మాటలు వెతుక్కోవాలి. దొరక్కపోతే ఇంట్లోవాళ్ళను అడగాలి. పది వాక్యాలు పదిహేనయ్యాయి, ఇరవై అయ్యాయి. తప్పులూ ఉండేవి, కానీ అవి ఎవరి తప్పులు వాళ్ళవే.

అందరికన్నా ఎక్కువ మారింది చివరి బెంచి పిల్ల. ఎక్కడినుంచో వచ్చిన కుటుంబం, వాళ్ళ ఇంటి మాట వేరు. తరగతిలో నోరు విప్పితే నవ్వుతారని ఆ పిల్ల ఏడాదిగా నోరు విప్పలేదు. అందరూ 'చివరి బెంచి' అని పిలుస్తారు కాబట్టి బ్లాగులోనూ అదే పేరు పెట్టుకుంది. మొదటి వారం మూడే వాక్యాలు రాసింది: "ఇంట్లో మాట వేరు. బడిలో మాట వేరు. దారిలో నేను ఏ మాటా మాట్లాడను." ఆ మూడు వాక్యాలు చదువుతూ టీచరు ఒక చొక్కా చేతిని మాడ్చింది. "దారిలో నీకు ఏమేం వినిపిస్తాయి?" అని కింద రాసింది. తర్వాతి వారం ఆ పిల్ల ఒకటిన్నర పేజీ జవాబు రాసింది.

ఇందుకోసం ఒక్క పీరియడూ తగ్గించలేదు. "మీ సరదా కొద్దీ చేస్తున్నారు, చేయండి టీచర్. కాదన్నానా? పని ఎక్కువైందని మాత్రం నా దగ్గరికి రాకండి" అన్నారు హెడ్మాస్టరుగారు. "ఇంట్లో పిల్లలు లేరుగా, ఇలాగైనా పొద్దుపోతుంది" అని లెక్కల మాస్టారు మంచి మాట చెబుతున్నట్టే అన్నాడు. తల్లిదండ్రుల సమావేశంలో హెడ్మాస్టరుగారు లేచి, మా కంప్యూటరు మాస్టారు మొదలుపెట్టిన బ్లాగు అని గొప్పగా చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. కంప్యూటరు మాస్టారు ఆమె వైపు చూశాడు. ఇప్పుడైనా ఏదైనా అంటాడేమో అనుకుంది. తల దించుకుని నవ్వి కూర్చున్నాడు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. కొట్టకపోతే అందరూ తననే చూస్తారని భయం.

ఇంట్లో అత్తగారి మాట ఇంకో తీరు. "ఊరందరి పిల్లలకీ జవాబులు రాయడానికి తీరికుంటుంది. ఇంట్లో మనిషి పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు." ఆ మాటలో అబద్ధమేమీ లేదని ఆమెకు తెలుసు. పిలుపు వినిపించేది, కానీ ఆ పిలుపు వెనకాల ఏముంటుందో ముందే తెలిసిపోయేది. తువ్వాలు ఎక్కడుంది, తాళంచెవి ఏది, మాత్రలు అయిపోయాయా, టీ అయిందా. వారానికి ముప్పై ఎనిమిది మందిని ముప్పై ఎనిమిది ప్రశ్నలు అడిగే మనిషిని, రోజుకు ఓ యాభై సార్లు అడుగుతారు, అన్నీ వస్తువుల గురించే. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే బోర్డులాంటిదేమో తను. బోర్డును దారి అడుగుతారు గానీ, ఎలా ఉన్నావని ఎవరడుగుతారు? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా, ఇదీ ఒక బాధేనా, లోకంలో ఎన్ని లేవు అని తనకు తనే సర్దిచెప్పుకునేది. సర్దడం ఆమెకు బాగా వచ్చిన పని.

ఒక శుక్రవారం తరగతి లీడరు లేచి నిలబడింది. "మేం రాస్తుంటే మీరు అడుగుతున్నారు టీచర్. ఈసారి మీరు రాయండి, మేం అడుగుతాం." తరగతంతా గోల చేసింది. నిన్నటి రోజు గురించి రాయాలని వాళ్ళే నిర్ణయించారు. ఇదెంత పని అనుకుంది. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో కూర్చుని పది నిమిషాల్లో పది వాక్యాలు రాసి పెట్టేసింది.

"అయిదింటికి తెల్లవారింది. టీ అయింది. వంట అయింది. క్యారేజీలు సర్దడం అయింది. బస్సు దొరికింది. ఆరు పీరియడ్లు గడిచాయి. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. బట్టలు ఆరి, మడతలు పడ్డాయి. మళ్ళీ వంట అయింది. రోజు గడిచిపోయింది."

సాయంత్రం బస్సులో నిలబడి వ్యాఖ్యలు చూసుకుంది. బాగుంది టీచర్, చాలా బాగుంది టీచర్ అని వరసగా షరతు తప్పారు. అన్నిటికన్నా కింద చివరి బెంచి రాసింది ఉంది.

"టీచర్, మీ పది వాక్యాలు నాలుగుసార్లు చదివాను. అందులో మీరు కనపడలేదు. టీ దానంతట అదే అయిందా? మా ఇంటి మాటలో ఎవరు చేశారో చెప్పకపోతే వాక్యం నిలబడదు. ఇక్కడి మాటలో నిలబడుతుందని మీ దగ్గరే నేర్చుకున్నాను. నా ప్రశ్న ఏమిటంటే, నిన్న మీరు ఎక్కడున్నారు?"

దిగాల్సిన చోటు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది. పద్నాలుగేళ్ళుగా బోర్డు మీద కర్త, కర్మ, క్రియ అని మూడు గీతలు గీసి చెబుతోంది. ఎవరు అని ప్రశ్న వేసుకోండి, కర్త దొరుకుతుంది అని ఎన్ని వందల మందికి చెప్పిందో. తన పది వాక్యాల్లో ఒక్కదానికీ ఆ ప్రశ్న వేసుకోవాలని తోచలేదు. అబద్ధం రాసిందా అంటే, లేదు. ఇంట్లో అందరూ అనేదీ అదే. వంట అయిందా అంటారు గానీ చేశావా అనరు. పరాయి మాటను చేతులతో తడుముకుంటూ నేర్చుకుంటున్న పిల్లకు దొరికిన ఖాళీ, ఆ మాటలోనే పుట్టి పెరిగిన తనకు కనపడలేదు. చల్లగాలి తగులుతున్నా చెవులు వేడెక్కాయి.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ రాయడానికి కూర్చుంది. మొదటి వాక్యం ముందు 'నేను' అని పెట్టి చాలాసేపు ఆగిపోయింది. తర్వాత ఆగలేదు. "అందరికన్నా ముందు నేను లేచాను. చప్పుడు కాకుండా గిన్నెలు దించాను, ఎందుకంటే ఎవరి నిద్రయినా చెడితే ఆ రోజంతా అది నా తప్పవుతుంది. నేను మూడు రకాల టీలు పెట్టాను. నా టీ చల్లారాక తాగాను. నేను ఇస్త్రీ చేస్తూ మీ రాతలు చదివాను, ఎందుకంటే నాకు వేరే సమయం ఇవ్వలేదు. ఈ బ్లాగు నేను మొదలుపెట్టాను." పది వాక్యాలు ముప్పై నాలుగయ్యాయి. చివరి వాక్యం, "నిన్న నేను ఇక్కడే ఉన్నాను, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు." చదువుకుని చూస్తే ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఉన్నది ఉన్నట్టుంది. పెట్టేసింది.

ఆదివారం సాయంత్రానికి దాని కింద పదకొండు వ్యాఖ్యలు పడ్డాయి. వాటిలో ఏడు, పిల్లల పేర్లతో వాళ్ళ అమ్మలు రాసినవి. "మా ఇంట్లో నాలుగు రకాల టీలు" అని ఒకావిడ. "నేను కూడా చల్లారాకే" అని ఇంకొకావిడ, అంతే, ఇంకేమీ లేదు.

తరగతిలో ఒక పిల్లవాడి తండ్రి ఆమె భర్త ఆఫీసులోనే పనిచేస్తాడు. సోమవారం భర్త బూట్లు విప్పకుండానే నడిగదిలో నిలబడ్డాడు.

"నిన్ను కొట్టానా? తిట్టానా? ఉద్యోగం వద్దన్నానా? ఇంటి గుట్టు తీసుకెళ్ళి పిల్లకాయల ముందు పెట్టావు. రేపు నేను వాళ్ళ మొహం ఎలా చూడాలి?"

"మీరు చదివారా?" అని అడిగింది.

"చదవడం ఎందుకు? వాడు చెప్పాడుగా."

ఫోను తెరిచి అతని ముందు పెట్టింది. అతను దాని వైపు చూడలేదు. "తీసెయ్" అన్నాడు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, వాళ్ళ తల్లులు, ఆఫీసులో ఎవరో మనిషి, ఇంతమంది చదివారు. పదిహేడేళ్ళుగా పక్కన పడుకునే మనిషి చదవలేదు. అతని కోపం కన్నా అదే ఆమెను ఒంటరిదాన్ని చేసింది. ఆ సాయంత్రం టీవీ మోగుతుండగా, ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఉండగా, తను ఎవరూ లేని ఊళ్ళో దిగినట్టనిపించింది.

మర్నాడు హెడ్మాస్టరుగారు పిలిపించారు. "పాఠం వరకే ఉంచాలి టీచర్. వచ్చే వారం తనిఖీకి వస్తున్నారు, బ్లాగు చూపిద్దామనుకున్నాం. మీ సొంత గొడవ తీసేయండి. లేదంటే మొత్తం మూయించాల్సి వస్తుంది."

పిల్లల రాతలన్నీ కళ్ళముందు తిరిగాయి. తీసేస్తే పోయేదేముంది, ఒక్క పేజీ. తనది. ఎప్పుడూ ఇలాగే కదా తీసేసింది, తన వంతు చిన్నదే కదా అని. కానీ చివరి బెంచికి ఏమని చెప్పాలి? అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి, చెప్పలేదని ఎలా అనాలి?

"అది పాఠమే సార్" అంది. "వాక్యంలో కర్త గురించి. నేను తీయను."

ఆ మధ్యాహ్నమే కంప్యూటరు మాస్టారు బ్లాగు మూసేశాడు. ఈసారి కూడా ఆమె వైపు చూసి తల దించుకున్నాడు. స్టాఫ్‌రూములో రెండు వారాలు ఆమె బల్ల చుట్టూ మాటలు తగ్గిపోయాయి. పిల్లలు నోటుపుస్తకాల్లో రాయడం మొదలుపెట్టారు, పుస్తకాలు మార్చుకుని అంచుల్లో పెన్సిలుతో ప్రశ్నలు రాసుకున్నారు. పని రెట్టింపైంది. ముప్పై ఎనిమిది పుస్తకాలు రెండు సంచుల్లో మోసుకొచ్చేది. చివరి బెంచి తరగతిలో ఇంకా మాట్లాడదు. కానీ సంచి ఒక చెవి పట్టుకుని బస్టాపు దాకా వస్తోంది.

ఒక ఆదివారం భోజనాల వేళకు ముందు ఆమె ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అప్పుడేదో రాశావటగా. అందరూ అనడమే గానీ నాకెవరూ వినిపించలేదు. చదువు."

ఇంకో తగువుకు ఓపిక లేదు. అయినా తన పుస్తకంలో దాచుకున్న ప్రతి తీసి చదివింది. ముప్పై నాలుగు వాక్యాలూ అయ్యేదాకా అత్తగారు కొంగు అంచును వేళ్ళతో సాఫు చేసుకుంటూ కూర్చుంది.

"వంటింట్లో గట్టు పక్కన నిలబడి తింటావు నువ్వు. అది రాయలేదేం?"

"తట్టలేదు అత్తయ్యా" అంది.

"తట్టదు" అంది అత్తగారు. "నాకూ తట్టలేదు. మీ మామగారు పోయాకే నేను కూర్చుని తినడం." అని లేచి, మోకాళ్ళు పట్టుకుని తన కుర్చీలోకి వెళ్ళిపోయింది.

ఆ పూట ఆమె ఇద్దరికీ వడ్డించింది. తన కంచం తెచ్చుకుని, వాళ్ళతోపాటు బల్ల దగ్గర కూర్చుంది. కూర్చుని తినడానికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కొత్తగా ఉంది. రెండు ముద్దలయ్యాక భర్త కంచంలోంచి తల ఎత్తకుండా, "మంచినీళ్ళు" అన్నాడు.

ఆమె లేవలేదు. మూడో ముద్ద కలుపుకుంది.

"జగ్గు నీ పక్కనే ఉందిరా" అంది అత్తగారు.